ఏ1కీ మూడేళ్ళే, ఏ6కీ మూడేళ్ళే

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న మీ పేపర్లో లోపలి పేజీలో ఒక చిన్న వార్త చూశాను, నకిలీ చెక్కుల ముఠాకి జైలు శిక్ష అని. నాలుగు లైన్లు. ఎంతమంది, ఎన్నేళ్ళు, ఫైన్ ఎంత, అంతే. వాళ్ళలో ఎవరు ఏం చేశారో ఒక్క ముక్క లేదు. మిమ్మల్ని తప్పుపట్టడానికి కాదు ఈ ఉత్తరం, ఎందుకంటే చాలాసార్లు జడ్జిమెంట్లో శిక్ష గురించి రాసే చోట కూడా ఆ ముక్క కనపడదు, నా బాధంతా దాని గురించే. నేను ముప్పై ఏళ్ళకి పైగా బ్యాంకులో చేసి రిటైర్ అయ్యాను. ఇలాంటి ఒక కేసులో ప్రాసిక్యూషన్ తరఫు సాక్షిగా బోనెక్కి చెప్పాను కూడా. ఊరు, బ్యాంకు, మనుషుల పేర్లు రాయను, జరిగింది మాత్రం జరిగినట్టే రాస్తా.

ఒక చిన్న కంపెనీ, మా బ్రాంచిలో కరెంట్ అకౌంట్. వాళ్ళ అకౌంటెంట్ ఒకరోజు పొద్దున్నే చెక్కుబుక్ పట్టుకుని నా క్యాబిన్లోకి వచ్చాడు. స్టేట్‌మెంట్లో మూడు చెక్కులు పాసైనట్టుంది, అందులో రెండింటి నంబర్లు చూపించి, చెక్కుబుక్ తెరిచి నా ముందు పెట్టాడు. ఆ రెండు నంబర్ల చెక్కు కాగితాలు (లీవ్స్) పుస్తకంలోనే ఉన్నాయి, చింపలేదు, ఏమీ రాయలేదు. "సార్ ఈ చెక్కు నా చేతిలో ఉంది కదా, మరి అక్కడ పాసైంది ఏంటి?" అన్నాడు. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ నెల వాళ్ళ స్టాఫ్ జీతాలు ఆగిపోయాయి. అందుకే ముందే చెప్తున్నా, నాకు ఈ ముఠాల మీద జాలి ఏం లేదు, ఇలాంటి దెబ్బ తిన్నవాడి మొహం నేను ఎదురుగా కూర్చుని చూశాను.

మూడో చెక్కు ఒరిజినలే. కొరియర్లో పంపింది మధ్యలో మాయమైతే ఎవరో దాని మీద సిరా కడిగేసి, పేరూ అమౌంటూ మార్చి వేసుకున్నారు. ఇప్పుడు చెక్కు క్లియరింగ్ అంతా ఫొటో మీదే కదా, కాగితం వేసిన బ్యాంకులోనే ఉండిపోతుంది, డబ్బు ఇచ్చే బ్యాంకుకి బొమ్మ మాత్రమే వస్తుంది. తర్వాత ఆ కాగితం తెప్పించి యూవీ ల్యాంప్ కింద పెట్టి చూశాం. పేరు రాసే గీత మీద మాత్రం కాగితం మిగతా చోట్లలా లేదు, నీళ్ళు పడి ఆరిన మచ్చలా వేరే రంగులో వెలిగింది, దాని అడుగున పాత పేరులో రెండు మూడు అక్షరాల ఆనవాలు సన్నగా కనపడింది. చేసినవాడికి పనితనం ఉంది, అది ఒకటి రెండు చెక్కులతో వచ్చే చెయ్యి కాదు.

పోలీసులు చివరికి ఏడుగుర్ని పట్టుకున్నారు. ఏ1, అంటే మొదటి ముద్దాయి, అంతా నడిపించినవాడు. ఏ2 కడగడం, నకిలీ లీవ్స్ ప్రింట్ చేయడం. ఏ3 సంతకాలు. ఏ4 బ్యాంకులోనే కాంట్రాక్టు మీద పనిచేసేవాడు, అకౌంట్లో బ్యాలెన్స్ ఎంతుందో, ఏ సిరీస్ చెక్కుబుక్ ఇచ్చారో, బ్యాంకులో నమూనాగా పెట్టిన (స్పెసిమెన్) సంతకం ఎలా ఉంటుందో ఫోన్లో ఫొటో తీసి పంపింది వాడే. ఏ5 డబ్బు పడటానికి అకౌంట్లు వెతికి పెట్టేవాడు. ఏ6 అకౌంట్ ఇచ్చిన కుర్రాడు, అప్పటికి ఇరవై ఏళ్ళు. ఏ7 ఏటీఎంలలో డ్రా చేసి తీసుకెళ్ళి ఇచ్చేవాడు.

ఏ6 చేసిందేంటంటే, తన పేరు మీద అకౌంట్ తెరిచి, పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ తీసుకెళ్ళి ఏ5 చేతిలో పెట్టాడు. పడిన డబ్బులో నూటికి రెండు రూపాయలు ఇస్తామన్నారు. చెక్కు డిపాజిట్ చేసిన స్లిప్ ఏ5 చేతిరాత. కుర్రాడి ఫోన్లో దొరికిన మెసేజ్‌లు కోర్టులో చదివారు, "అన్నా అమౌంట్ పడింది", "నా షేర్ ఎప్పుడు", ఇలాంటివే, చెక్కు అన్న మాట ఎక్కడా లేదు. తప్పుడు డబ్బు అని తెలీదా అంటే తెలిసే ఉంటుంది, తెలీదు అని నేను అనను. కానీ చెక్కు కడిగారని గానీ, ఎవరి అకౌంట్ ఖాళీ అవుతోందని గానీ వాడికి తెలుసు అనడానికి నేను విన్నంతలో ఒక్క సాక్ష్యం కూడా రాలేదు.

అందరి మీదా ఒకే సెక్షన్లు పెట్టారు, పాత ఐపీసీ 120బి (కుట్ర), 420 (మోసం), 467, 468, 471 (ఫోర్జరీ, ఫోర్జరీ పత్రం వాడటం). అందరి మీదా రుజువయ్యాయి అన్నారు. ఏడుగురికీ తలా మూడేళ్ళు, తలా పదివేలు ఫైన్, కట్టకపోతే ఇంకో ఆరు నెలలు.

కుట్ర అంటే అందరూ సమానమే కదా అని చాలామంది అంటారు, కోర్టు బయట టీ తాగుతూ ఒక లాయర్ గారు కూడా నాతో అదే అన్నారు. సగం నిజం. 120బి (ఇప్పుడు ఐపీసీ బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్‌లో సెక్షన్ 61) ఏం చెప్తుందంటే, కుట్రలో ఉన్నవాడు ఆ పని స్వయంగా చేయకపోయినా చేయించినవాడితో సమానం, అసలు నేరానికి ఎంత శిక్ష ఉందో అంతా వేయొచ్చు అని. వేయొచ్చు. వేసి తీరాలి అని కాదు. చెక్కు లాంటి విలువైన పత్రాన్ని ఫోర్జరీ చేస్తే 467 కింద పదేళ్ళ దాకా, లేదా యావజ్జీవం కూడా వేయొచ్చు, 420 కింద ఏడేళ్ళ దాకా, కానీ ఈ రెండింటిలోనూ కనీసం ఇంత వేయాలి అన్న లెక్క లేదు. కింద ఏమీ లేకుండా పైన యావజ్జీవం దాకా అంత ఖాళీ చట్టం ఎందుకు వదిలింది? మనిషిని మనిషిగా చూసి తూకం వేయమనే కదా. దోషా కాదా అన్న ప్రశ్నకి ఏడుగురికీ ఒకటే జవాబు రావొచ్చు, కానీ ఎంత శిక్ష అన్నది ఏడు వేరే ప్రశ్నలు. అందుకే కదా దోషి అని తేల్చాక శిక్ష మీద విడిగా వినాలి అని చట్టంలో రాసిపెట్టింది, అది ఏదో లాంఛనం కాదు, ముద్దాయి పరిస్థితులు నిజంగా తెలుసుకోవడానికే అని సుప్రీంకోర్టు 1976లోనే చెప్పింది.

నేను చూసిన ఆ వినడం ఎలా ఉందో చెప్తా. తీర్పు రోజు నేను వెళ్ళాల్సిన పని లేదు, అయినా వెళ్ళాను. ఏడుగురూ వరసగా నిలబడ్డారు. ఒక్కొక్కర్ని "నువ్వేమన్నా చెప్పుకుంటావా" అని అడిగారు. ఏ1 తన లాయర్ వైపు చూశాడు, లాయర్ లేచి బీపీ, షుగర్, పిల్లల చదువులు అన్నీ చదివాడు, ఏదో కాగితాలు కూడా ఇచ్చాడు. ఏ6 దగ్గరికి వచ్చేసరికి "అమ్మ ఒక్కతే ఉంటుంది సార్" అన్నాడు, అంతే, తర్వాత తల దించుకున్నాడు. వాడికి ఇంకేం చెప్పాలో తెలీదు, చెప్పేవాళ్ళు పక్కన లేరు. వాడి వయసెంత, వాడికి దక్కింది ఎంత, ముందు ఏదైనా కేసుందా, ఎవరు లాక్కొచ్చారు, ఇవేవీ ఎవరూ అడగలేదు. ఏడుగురికీ కలిపి పావుగంట కూడా పట్టలేదు. మధ్యాహ్నం శిక్ష చదివారు.

మూడేళ్ళే ఎందుకు అందరికీ అని నాకు తర్వాత అర్థమైంది, ఇది మామూలు జనానికి తెలీని సంగతి. ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ మామూలుగా మూడేళ్ళకి మించి వేయలేరు, అది ఆయన అధికారానికి హద్దు. 467 కేసులు వినేది మాత్రం ఆయనే. అంటే ఏ1కి గట్టి శిక్ష వేయాలి అనుకున్నా మూడేళ్ళ దగ్గర ఆగిపోవాల్సిందే, కింద ఉన్నవాళ్ళేమో అదే మూడేళ్ళలోకి వచ్చి కూర్చుంటారు, పైకప్పు కిందకి ఉంటే పొడుగు వాడూ పొట్టి వాడూ ఒకే ఎత్తులో కనపడినట్టు. దీనికి చట్టంలోనే దారి ఉంది. ఒక్క ముద్దాయికైనా తన పరిధికి మించిన శిక్ష అవసరం అనిపిస్తే, మేజిస్ట్రేట్ తన అభిప్రాయం రాసి, దోషులనుకున్న అందర్నీ చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేట్‌కి పంపొచ్చు, అక్కడ ఏడేళ్ళ దాకా వేసే అధికారం ఉంది. అప్పుడు ఏ1కి ఐదారేళ్ళు, ఏ6కి కొన్ని నెలలు అని తేడా చూపించడానికి చోటు దొరుకుతుంది. మా కేసులో ఆ దారి పట్టలేదు. ప్రభుత్వ లాయర్ (పీపీ) గారు అడగనూ లేదు.

సరే, పైవాళ్ళకి ఎంత వేస్తారన్నది ఒకటైతే, కింద వాడికి తలుపులు ఎలా మూసుకుపోతున్నాయో చూడండి, నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. అంతా ఆ ఒక్క 467 దగ్గర ఉంది.

మొదటిసారి తప్పు చేసినవాడిని జైలుకి పంపకుండా మంచి నడవడి మీద వదిలేయడానికి 1958 నుంచీ ప్రొబేషన్ చట్టం ఉంది, ఇరవై ఒక్కేళ్ళ లోపు వాళ్ళనైతే కారణం రాయకుండా జైల్లో పెట్టకూడదు అని కూడా అందులో ఉంది. కానీ యావజ్జీవం పడే అవకాశం ఉన్న నేరమైతే అది వర్తించదు. 467లో ఆ మాట ఉంది. అయిపోయింది. పోనీ వయసు చూసి వదిలే సెక్షన్ మీద వాదిద్దామంటే, ఆ ఇరవై ఒకటి నేరం చేసిన రోజు లెక్క కాదు, కోర్టు దోషి అని తేల్చే రోజు లెక్క, కేసు నాలుగైదేళ్ళు నడిస్తే కుర్రాడు దాన్ని దాటేసి ఉంటాడు. ఆలస్యం చేసింది ఎవరో, వయసు పోయింది వాడికి. తప్పు ఒప్పుకుని తక్కువ శిక్ష అడిగే ప్లీ బార్గెయినింగ్ ఉంది, అది ఏడేళ్ళు మించని నేరాలకే, 420కి దొరుకుతుంది, 467కి దొరకదు. నష్టపోయినవాళ్ళతో రాజీ పడదామంటే 420కి కోర్టు అనుమతితో కుదురుతుంది, 467కి కుదరదు. విచారణ ఖైదీగా పడి ఉన్నవాడు, మొదటి కేసు అయితే, గరిష్ట శిక్షలో మూడో వంతు గడిపాక బెయిల్ మీద వదలాలని క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ బదులు 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త బీఎన్ఎస్ఎస్‌లో 479 పెట్టారు, మంచిదే, కానీ యావజ్జీవం మాట ఉన్న నేరాలకి అదీ లేదు. ఐపీసీ పోయి బీఎన్ఎస్ వచ్చినా 467 పోయి 338 అయింది తప్ప పదేళ్ళు, యావజ్జీవం అలాగే ఉన్నాయి.

ఇప్పుడు చూడండి, చెక్కు మీద చెయ్యి పెట్టనివాడు, కడిగిన సంగతి తెలీనివాడు, కుట్ర అనే ఒక్క మాటతో 467లోకి వచ్చి పడ్డాడు. వాడిలాంటి వాళ్ళ కోసమే పెట్టిన తలుపులన్నీ దాంతో మూసుకుపోయాయి. ఏ1కి వీటితో పనే లేదు, ఆయనకి ఎలాగూ ప్రొబేషన్ ఇవ్వరు. నేను అడిగేది ఏంటంటే, చార్జిషీట్ రాసేటప్పుడే దర్యాప్తు చేసే పోలీసు అధికారి (ఐవో) గారు, చార్జ్ ఫ్రేమ్ చేసేటప్పుడు కోర్టు వారు, ఈ మనిషి ఒప్పుకున్న కుట్ర ఏది, మోసం డబ్బు తన అకౌంట్లో పడటానికా, లేక ఫోర్జరీకి కూడానా అని విడిగా చూడాలి. ఫోర్జరీ తెలుసు అనడానికి సాక్ష్యం లేకపోతే వాడిని 420 దగ్గర ఆపాలి. వదిలేయమనడం లేదు, 420 కూడా చిన్న సెక్షనేం కాదు.

ఫైన్ సంగతి కూడా చెప్పాలి. తలా పదివేలు అంటే సమానం లాగా వినపడుతుంది. ఏ1 వాళ్ళ మనుషులు అదే రోజు కట్టేశారు. ఏ6 వాళ్ళ అమ్మ దగ్గర లేవు. కట్టలేకపోతే ఆరు నెలలు అదనం, అది మిగతా శిక్షతో కలిసిపోదు, విడిగా గడపాల్సిందే. అంటే కాగితం మీద ఇద్దరికీ మూడేళ్ళు, లెక్కలో ఒకడికి మూడు, ఇంకొకడికి మూడున్నర, ఆ అరకి కారణం వాడి పేదరికం తప్ప వేరే ఏం లేదు. ఫైన్ మరీ ఎక్కువ ఉండకూడదని చట్టమే అంటుంది, ఎక్కువా తక్కువా అన్నది కట్టేవాడి జేబుని బట్టి, మోసంలో వాడికి ముట్టినదాన్ని బట్టి చూడకపోతే ఎలా తెలుస్తుంది? నిజంగా డబ్బు రాబట్టాలి అంటే ఏ1 దగ్గర్నుంచి కంపెనీకి నష్టపరిహారం ఇప్పించొచ్చు, ఆ అధికారం కోర్టుకి ఉంది, ఆ జీతాల డబ్బు గురించి జడ్జిమెంట్లో ఒక్క ఆర్డర్ కూడా లేదు.

రిమాండ్ కూడా ఇంతే. ఏ1 కొన్ని వారాల్లో బెయిల్ మీద బయటికి వచ్చాడు. కుర్రాడికీ బెయిల్ ఇచ్చారు, కానీ ఇద్దరు ష్యూరిటీలు కావాలి, ఆస్తి కాగితాలు చూపించేవాళ్ళు, ఎవరు వస్తారు? ఆర్డర్ చేతిలో పెట్టుకుని నెలల తరబడి లోపలే ఉన్నాడు. ఆ రోజులు తర్వాత శిక్షలోంచి తీసేస్తారు, నిజమే. శిక్ష పడిన రోజు కూడా అదే కథ, మూడేళ్ళు దాటని శిక్ష అయితే, అప్పటిదాకా బెయిల్ మీద ఉన్నవాళ్ళకి అప్పీల్ చేసుకోవడానికి అదే కోర్టు బెయిల్ ఇస్తుంది, ఏ1 సాయంత్రానికి కారెక్కి వెళ్ళిపోయాడు, ఏ6కి కొత్త ష్యూరిటీలు దొరకడానికి పదకొండు రోజులు పట్టింది.

అప్రూవర్ వ్యవహారం మా కేసులో రాలేదు గానీ వేరే కేసుల్లో వస్తుంది కాబట్టి చెప్తున్నా. ముద్దాయిల్లో ఒకడు ఉన్నదంతా దాచకుండా చెప్తే వాడికి క్షమాభిక్ష పెట్టి సాక్షిగా మార్చుకోవచ్చు, కుట్ర కేసుల్లో అది అవసరమే, లోపలివాడు చెప్పకపోతే బయటివాళ్ళకి ఎలా తెలుస్తుంది. కానీ చెప్పడానికి ఎక్కువ సరుకు ఎవడి దగ్గర ఉంటుంది? మధ్యలో కూర్చుని అంతా నడిపినవాడి దగ్గర. ఒకే ఒక్క ఫోన్ నంబర్ తెలిసిన కుర్రాడి దగ్గర ఇవ్వడానికి ఏముంటుంది. అందుకే అప్రూవర్‌ని ఎంచుకునేటప్పుడు వీలైనంత వరకు కింద వరసలో వాడిని తీసుకోవాలి, పైవాడు బయటపడి కింద వాళ్ళు మునిగే పరిస్థితి రాకూడదు. డబ్బు తిరిగి కట్టేసి బయటపడటం కూడా ఇలాంటిదే. సుప్రీంకోర్టు 2008లో ఒక బ్యాంకు మోసం కేసుని సెటిల్ అయిందని కొట్టేసింది, 2014లో ఇంకో బ్యాంకు కేసులో మాత్రం డబ్బు కట్టేసినంత మాత్రాన ఇలాంటి నేరం మాసిపోదు అని ఒప్పుకోలేదు. రెండోదే నాకు సరైనదనిపిస్తుంది. కట్టగలిగినవాడికి ఒక న్యాయం, కట్టలేనివాడికి ఇంకో న్యాయం అయితే శిక్ష పడేది నేరానికి కాదు.

ఎదుటి వాదన నాకు తెలుసు, పీపీ గారు గట్టిగా చెప్పారు కూడా. అకౌంట్ ఇచ్చేవాడు లేకపోతే చెక్కు ఎంత బాగా చేసినా డబ్బు చేతికి రాదు, కాబట్టి వాడు చిన్నవాడు కాదు, వీళ్ళకి తేలిగ్గా పోతే రేపు వంద మంది అకౌంట్లు అద్దెకి ఇస్తారు అని. ఇందులో నిజం ఉంది, బ్యాంకులో ఉన్నవాడిని కాబట్టి నాకు ఇంకా బాగా తెలుసు. కానీ లేకపోతే పని జరగదు అన్నది ఏడుగురికీ వర్తిస్తుంది, కొరియర్ కవర్ లేకపోయినా జరగదు. అవసరమైన పని చేశాడా అన్నది కాదు, ఎంత తెలిసి చేశాడు, ఎంత కావాలని చేశాడు, ఎంత తిన్నాడు, వాడు వద్దంటే ఆగేదా లేక ఏ5 పక్కింట్లో ఇంకొకణ్ణి పట్టుకునేవాడా అన్నది చూడాలి. ఏ6 స్థానంలో ఎవడైనా సరిపోతాడు. ఏ2 చేతికి మాత్రం ఇంకో చెయ్యి దొరకడం కష్టం.

ఏ4 గురించి మాత్రం నేను వేరేగా చెప్తా, ఇక్కడ నాకు ఎక్కువ శిక్ష కావాలి. వాడికి డబ్బు పెద్దగా ముట్టలేదు, ముద్దాయిల లిస్టులో మధ్యలో ఉన్నాడు, చెక్కు ముట్టుకోలేదు. కానీ కస్టమర్ సంతకం మా దగ్గర పెట్టేది మేం కాపాడతామనే కదా. నా పక్క సీట్లో కూర్చుని, మధ్యాహ్నం నాతో పాటు డబ్బా తెరిచి తిని, ఆ సంతకం ఫొటో తీసి పంపాడు. యూవీ ల్యాంప్, నీళ్ళగుర్తు, ఫొటోకాపీ తీస్తే వాయిడ్ అని బయటపడే డిజైన్, యాభై వేలు దాటిన చెక్కుల వివరాలు ముందే చెప్పుకునే పాజిటివ్ పే, ఇన్ని కాపలాలు పెట్టుకున్నా లోపలివాడు తాళం ఇచ్చేస్తే ఏం చేస్తాం. ముట్టిన డబ్బు ఒక్కటే కొలత అయితే వాడు ఏ6 పక్కన నిలబడతాడు, నమ్మకం కొలత అయితే ఏ1 పక్కన నిలబడతాడు. కోర్టు రెండూ కొలవలేదు, అందర్నీ ఒకే గాటన కట్టేసింది.

ఇదేదో నేను కొత్తగా అడుగుతున్నది కాదు. రాజీవ్ గాంధీ హత్య కేసు అంతటి కుట్ర కేసులో 1998లో కింది కోర్టు 26 మందికీ ఉరిశిక్ష వేసింది. 1999 మేలో సుప్రీంకోర్టు ఒక్కొక్కరి మీద ఏ సాక్ష్యం ఉంది, ఎవరికి ఎంత తెలుసు అని విడివిడిగా చూసి నలుగురికి ఉరి ఉంచి, ముగ్గురికి యావజ్జీవం చేసి, 19 మందిని వదిలేసింది. దేశంలో అంత పెద్ద కేసులో చేయగలిగినప్పుడు చెక్కుల కేసులో చేయలేమా? ఇంగ్లాండులో మోసం కేసులకి 2014 నుంచి ఒక గైడ్‌లైన్ ఉంది, గుంపులో నాయకుడా, ముఖ్యమైన పాత్రా, అంచున ఉన్నవాడా, ఒత్తిడి మీద వచ్చాడా, అసలు మోసం ఎంత పెద్దదో వాడికి తెలుసా అని జడ్జి చూడాలి. అమెరికాలో ఫెడరల్ కోర్టుల్లో నడిపించినవాడికి పాయింట్లు పెంచుతారు, చిన్న పాత్రకి తగ్గిస్తారు. వాళ్ళ పద్ధతుల్లో లోపాలు లేవని కాదు, అమెరికాలో ఎంత డబ్బు పోయింది అన్న లెక్క మిగతా అన్నింటినీ మింగేస్తుందని వాళ్ళే గొడవ పడుతుంటారు. కానీ జడ్జి ఆ ప్రశ్న వేసుకోక తప్పదు. మన దగ్గర ప్రభుత్వం వేసిన రెండు కమిటీలు, 2003లో మళిమఠ్ కమిటీ, ఆ తర్వాత మాధవ మీనన్ కమిటీ, శిక్షలకి గైడ్‌లైన్స్ కావాలన్నాయి. శిక్ష వేయడంలో మనం సరైన సూత్రాలు తయారు చేసుకోలేకపోయామని సుప్రీంకోర్టే 2008లో ఒక తీర్పులో ఒప్పుకుంది. 2024లో చట్టాలన్నీ మార్చేసి కొత్తవి అమల్లోకి తెచ్చినప్పుడైనా గైడ్‌లైన్ వస్తుందనుకున్నా, రాలేదు.

గైడ్‌లైన్స్ ఎప్పుడొస్తాయో గానీ, అప్పటిదాకా ఏ చట్టం మార్చకుండానే చేయగలిగేది ఒకటుంది. కుట్ర కేసులో శిక్ష రాసేటప్పుడు ముద్దాయికో పేరా విడిగా రాయాలి. ఏం చేశాడు, ఏం తెలుసు, ఎంత ముట్టింది, పాత కేసులున్నాయా, వయసు, అందుకని ఇంత. ఇద్దరికి ఒకే శిక్ష వేస్తే ఎందుకు ఒకటే వేశారో కూడా రాయాలి. అలా రాస్తే అప్పీల్లో పై కోర్టుకి చూడటానికి ఏదో ఒకటి ఉంటుంది, ఇప్పుడు "నేర తీవ్రత దృష్ట్యా" అన్న రెండు ముక్కల్లో ఏం వెతుకుతారు. శిక్ష మీద వినేటప్పుడు లాయర్ లేనివాడికి, ఉన్నా ఆ రోజు రానివాడికి, లీగల్ సర్వీసెస్ నుంచి ఎవర్నైనా పెట్టి రెండు రోజులు టైమ్ ఇవ్వాలి. లాయర్లు కూడా, నేరం రుజువు కాలేదు అన్న వాదన మీదే అంతా ఖర్చుపెట్టి శిక్ష దగ్గరికి వచ్చేసరికి "దయ చూపండి" అని కూర్చోకుండా, ఆ మనిషి కాగితాలు ముందే సిద్ధం చేసుకోవాలి.

మీ రిపోర్టర్లకి కూడా ఒక మాట చెప్పండి సార్. ఇలాంటి తీర్పు వార్త రాసేటప్పుడు ముఠాకి ఇన్నేళ్ళు అని ఆపేయకుండా, ఎవరు ఏం చేశారు, ఎవరికి ఎంత పడింది అని ఇంకో నాలుగు లైన్లు రాయండి. ఆ లైన్లు రాయడానికి జడ్జిమెంట్లో వెతికితే దొరక్కపోతే, దొరకలేదు అనే రాయండి.

ఆ కుర్రాడి అప్పీల్ సెషన్స్ కోర్టులో ఇంకా నడుస్తోంది. జడ్జిమెంట్ కాపీ నా దగ్గర ఉంది, డెబ్బై రెండు పేజీలు. నా సాక్ష్యం గురించే మూడు పేజీలు రాశారు, యూవీ ల్యాంప్ కింద మచ్చ ఏ రంగులో కనపడిందో కూడా ఉంది. శిక్ష గురించి రాసింది చివర పేజీన్నర. ఆ పేజీన్నరలో ఏ6 అని విడిగా ఒక్కసారి కూడా లేదు, "ఏ1 నుంచి ఏ7 వరకు" అని ఉంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి